నా రెండు వేళ్ళ కింద ఎవరి నాడి

ముందే చెప్పేస్తున్నాను, నేను దెయ్యాలను నమ్మను. ఇప్పుడు చెప్పబోయేది నాకు జరిగాక కూడా నమ్మలేదు. ఇక ముందు నమ్మే ఉద్దేశమూ లేదు. కాబట్టి ఇది చదివి ఎవరూ నాకు తాయెత్తులు పంపక్కర్లేదు, ఫలానా దర్గాకు వెళ్ళి రమ్మని సలహాలూ ఇవ్వక్కర్లేదు.

నా పేరు షమీమ్. మాది కడప వైపు. మా ఇళ్ళలో మాట్లాడేది తెలుగే. బీఎస్సీ జువాలజీ చదివాను. ప్రాక్టికల్స్‌లో కప్పను కోసేటప్పుడు పక్క అమ్మాయి కళ్ళు తిరిగి పడబోతే, ఒక చేత్తో ఆమెను పట్టుకుని రెండో చేత్తో నా కప్ప పని పూర్తి చేసిన మనిషిని. భయపడే రకం కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను, గొప్పకు కాదు.

మా ఆయన ఖాదర్ బాషా సౌదీలో ఏసీ టెక్నీషియన్. మేం ఉండేది ఖమీస్ ముషైత్‌లో. సౌదీ అంటే అంతా ఎండా ఇసుకా అనుకునేవాళ్ళు మా ఊరికి రావాలి. ఇక్కడ మధ్యాహ్నాలు మబ్బు కిందికి దిగి కొండలను కప్పేస్తుంది. చలికాలం స్వెట్టర్ లేకుండా బజారుకు పోలేం. పెళ్ళయిన నాలుగేళ్ళకు ఫ్యామిలీ వీసా మీద వచ్చి, ఒక పాలీక్లినిక్‌లో రిసెప్షన్ బల్ల దగ్గర కుదురుకున్నాను. ఫోన్లు ఎత్తడం, టోకెన్లు ఇవ్వడం, ఏడ్చే పిల్లలకు చాక్లెట్లు ఇవ్వడం నా పని. బాగానే ఉండేది.

అప్పుడు నితాకత్ గట్టిగా పట్టుకుంది. కంపెనీలో సౌదీలు ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి దానికో రంగు వేసే పద్ధతి అది. ఎరుపు వచ్చిందంటే ఆ కంపెనీలో ఎవరికీ ఇకామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్, రెన్యువల్ కాదు. మా క్లినిక్ రంగు కాపాడుకోవడానికి రిసెప్షన్ బల్ల సౌదీ అమ్మాయికి ఇచ్చారు. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమెకు కంప్యూటర్ పని నేర్పించి వచ్చింది నేనే. పోయేటప్పుడు నన్ను కావలించుకుని ఏడ్చింది కూడా.

దాని వెనకే లెవీ వచ్చింది. ఇక్కడ ఉంచుకున్న ప్రతి భార్యకూ, ప్రతి బిడ్డకూ నెలనెలా ఫీజు, అదీ ఏటేటా పెరిగే ఫీజు. మా బిల్డింగులో ఒక్కొక్క కుటుంబమే సామాన్లు కట్టుకుని, ఇక తిరిగి రాకుండా ఎగ్జిట్ వీసా కొట్టించుకుని వెళ్ళిపోయింది. ఆడవాళ్ళూ పిల్లలూ ఊరికి, మగవాళ్ళు బ్యాచిలర్ రూములకు. మెట్ల మీద పిల్లల చెప్పులు కనిపించడం మానేశాయి.

నేను మాత్రం వెళ్ళనన్నాను. మొండితనమే, ఒప్పుకుంటాను. పెళ్ళయిన తర్వాత నాలుగేళ్ళు ఈయన ఒక దేశంలో, నేను ఒక దేశంలో బతికాం. మా పాపకు మాటలు వచ్చిన రోజు ఈయన ఫోన్లో విన్నాడు. మళ్ళీ ఆ బతుకు బతకనని తేల్చి చెప్పాను. ఇక్కడ ఉండాలంటే నాకంటూ ఒక ఉద్యోగం, నా పేరు మీద ఒక ఇకామా ఉండాలి. ఈ దేశంలో అప్పటికీ మనుషులు చాలక వెతుక్కుంటున్న పని ఒకటే కనిపించింది, నర్సు పని.

డిగ్రీ చేతిలో ఉన్నవాళ్ళకు తక్కువ కాలంలో నర్సింగ్ డిగ్రీ చేయించే కోర్సులు ఉన్నాయని అప్పుడే తెలిసింది. పాఠాలన్నీ ఆన్‌లైన్‌లో. చేతిపని ఇంట్లో సాధన చేసి వీడియో పంపాలి. అవి పాసైతేనే ఆసుపత్రిలో అడుగు పెట్టనిస్తారు, అక్కడి పని అక్కడే చేసి సంతకాలు తెచ్చుకోవాలి. మా బ్యాచ్‌లో అందరూ నాలాంటి వాళ్ళే. సౌదీలోనే హాయిల్ ఊళ్ళో టీచరు పని పోయిన ఒకామె, ఖఫ్జీలో స్టోర్ కీపరుగా చేసిన ఒకతను, ఇంకా బ్యాంకులవాళ్ళు, సేల్స్‌వాళ్ళు. ఒక వారం గుండె, మరు వారం ఊపిరితిత్తులు, ఆ పై వారం కిడ్నీలు. కూర తిప్పుతూ చెవిలో పాఠం వినేదాన్ని. ఉప్పు వేశానో లేదో మరిచిపోయినా, గుండెలో ఎన్ని కవాటాలో మరిచిపోలేదు.

మా చుట్టాల వెటకారం గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. డిగ్రీ చదివి బెడ్‌పాన్లు ఎత్తుతుందట అన్నారు. ఆన్‌లైన్ నర్సమ్మ అని పేరు పెట్టారు. మా వదిన, అంటే ఈయన అక్క, వాట్సాప్ గ్రూపులో అందరూ వినేటట్టు వాయిస్ పెట్టింది. "కంప్యూటర్లో చూసి నాడి పట్టుకుంటావా మే? ఇంగ మా బీపీ గూడా ఫోన్లోనే చూస్తావేమో!" దాని కింద వరసగా నవ్వే బొమ్మలు. ఆ వాయిస్ నేను డిలీట్ చేయలేదు. చదవబుద్ధి కానప్పుడల్లా ఒకసారి వినేదాన్ని, ఒళ్ళు మండి చదువుకునేదాన్ని.

ఇక అసలు విషయం. మా చేతిపనుల్లో మొదటిది, అన్నిటికంటే సులువైనది నాడి చూడటం. చూపుడు వేలు, నడిమి వేలు మణికట్టు మీద బొటనవేలి వైపు ఆనించి నిమిషం పాటు లెక్కపెట్టాలి. బొటనవేలు వాడకూడదు. దానికి సొంత నాడి గట్టిగా ఉంటుంది, మనదే మనకు తెలిసి మోసపోతాం.

వీడియోకు పద్ధతి ఉంది. బతికున్న పెద్దమనిషి ఒకరు ఎదుట కూర్చోవాలి. వాళ్ళ కుడి చేతి వేలికి నాడి వేగం చూపించే క్లిప్ మిషన్ పెట్టి, దాని అంకె కెమెరాకు కనిపించేటట్టు తిప్పాలి. మనం ఎడమ చెయ్యి పట్టుకుని, మిషన్ వైపు చూడకుండా లెక్కపెట్టి పైకి చెప్పాలి. రెండూ దగ్గరగా ఉంటే పాస్. అయితే తల కాస్త తిప్పితే ల్యాప్‌టాప్ తెర మీద ఆ అంకె మనకే కనబడుతుంది. బ్యాచ్‌లో సగం మంది చేసేది అదే. ఆ సంగతి మా ఇన్‌స్ట్రక్టర్ మేడమ్‌కు తప్ప అందరికీ తెలుసు.

నాకు చెయ్యి ఇచ్చింది పక్క ఫ్లాట్ సకీనా ఆపా. హైదరాబాదామె, వాళ్ళాయన డ్రైవరు. పిల్లలు లేరు కాబట్టి లెవీ దెబ్బకు ఇంకా తట్టుకుని ఉన్నారు. రోజూ మధ్యాహ్నం జుహర్ నమాజు, భోజనాలు అయ్యాక ఒక కునుకు తీసే వేళకు నా దగ్గరికి వచ్చి సోఫాలో కూర్చుని చెయ్యి చాపేది. శుక్రవారం మాత్రం లేదు. ఈయన ఇంట్లో ఉంటాడు, బిర్యానీ పని ఉంటుంది.

మొదట్లో అంతా సవ్యంగానే ఉంది. ఆపా నాడి గడియారంలాగా కొట్టుకునేది. తర్వాత ఒక రోజు, మబ్బు దిగిన మధ్యాహ్నం, ఆపా చెయ్యి పట్టుకోగానే వేళ్ళ కింద వేరే నాడి తెలిసింది.

వేరే అని ఎందుకంటున్నానంటే, ఆపా నాడి నాకు అలవాటు. ఇది మందంగా, బరువుగా ఉంది. మూడు దెబ్బలు, ఒక ఖాళీ. మళ్ళీ మూడు దెబ్బలు, ఖాళీ. ఒక్కోసారి రెండు దెబ్బలకే ఆగి, మళ్ళీ వస్తుందా రాదా అన్నంత సేపు ఊరుకునేది. ఆ ఖాళీలో నా ఊపిరి కూడా ఆగేది.

మిషన్‌లో మాత్రం ఏ లోపమూ లేదు. నా లెక్క దానికంటే చాలా తక్కువ వచ్చింది. అదే వీడియో పంపాను, ఫెయిల్ చేశారు. మేడమ్ మర్యాదగానే రాసింది, బొటనవేలు తగిలి ఉంటుంది, లేదా కంగారు పడి ఉంటారు అని. వీడియో నేను మళ్ళీ మళ్ళీ చూశాను. నా బొటనవేలు గాలిలో ఉంది.

ముందు ఆపా గురించి భయపడ్డాను. క్లినిక్‌లో నాతో పనిచేసిన డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయి ఈసీజీ తీయించాను. ఏమీ లేదు. నాకూ తీయించుకున్నాను. ఏమీ లేదు. నా మణికట్టు నేను పట్టుకుంటే నా నాడి చక్కగా ఉంది. ఈయన ఎడమ చెయ్యి పట్టుకుంటే మళ్ళీ అదే, మూడు దెబ్బలు, ఖాళీ. పాప చెయ్యి పట్టుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇంత మాట్లాడేదాన్ని, ఆ ఒక్కటి చేయలేకపోయాను.

ఒక మధ్యాహ్నం ఆపా రాలేదు. బయట దుకాణాలు మూసేశారు, బిల్డింగంతా నిశ్శబ్దం. కిటికీలోంచి వెలుతురు బాగా వస్తోంది. వేళ్ళు పెట్టే తీరు మరిచిపోకూడదని తువ్వాలు ఒకటి చెయ్యి లావున చుట్టి, దాని మీద రెండు వేళ్ళూ ఆనించాను.

తువ్వాలు కొట్టుకుంది.

విసిరికొట్టాను. కాసేపు గోడకు ఆనుకుని నిలబడి దాన్నే చూశాను. తర్వాత నా మీద నాకే కోపం వచ్చింది. కప్పను కోసిన దాన్ని, తువ్వాలుకు భయపడతానా? పోయి తెచ్చి, మళ్ళీ వేళ్ళు పెట్టి, నిమిషమంతా లెక్కపెట్టాను. అదే నాడి. అదే ఖాళీ. లెక్క ముగిశాక తువ్వాలును మడిచి అలమారలో పెట్టాను. ఆ రోజు నుంచి దానితో ఎవరినీ ముఖం తుడుచుకోనివ్వలేదు.

రెండో వీడియోలోనూ అంతే జరిగింది. ఈసారి మేడమ్ రాసిన దాంట్లో మర్యాద తగ్గింది. మీరు లెక్కపెట్టకుండా ఊహించి చెబుతున్నారు, ఇంకొక్క అవకాశమే మిగిలింది, అది ఆసుపత్రిలో సీనియర్ నర్సు ముందు, నిజమైన రోగి మీద చేయాలి, అది పోతే కోర్సు నుంచి తప్పిస్తాం అని. తప్పిస్తే నాకు, పాపకు ఎగ్జిట్టే. ఈయనకు ఎవరిదో రూములో ఒక మంచం.

ఆ రోజు ఆపా వచ్చి చెయ్యి చాపితే, వద్దనకుండా పట్టుకున్నాను. చాలా గట్టిగా పట్టుకున్నాను. కోపంతో ఏడుపు వచ్చేసింది, కన్నీళ్ళు ఆమె మణికట్టు మీద, నా వేళ్ళ మీద పడ్డాయి. "ఏమైంది షమీమ్, నా నాడి గిన పారిపోయిందా ఏంది?" అని నవ్వించబోయింది. దుపట్టాతో తన చెయ్యీ నా ముఖమూ తుడిచింది.

సాయంత్రం ఈయనకు చెప్పాను. తువ్వాలు సంగతి తప్ప అంతా చెప్పాను. ఈయన అన్నాడు. "మిషన్ చెప్తాండాది గదా, దాంట్లో ఏముంటే అది నువ్వూ చెప్పేయ్, పోతాది. అందురూ అట్లే గదా చేస్తాండేది."

"నా వేళ్ళకు తెలిసేది అది కాదు."

"నీ వేళ్ళ కోసరం మనం విడిపోవల్లనా?"

ఆయన తప్పు మాట ఏదీ అనలేదు. అయినా చెప్పనన్నాను. పట్టుకున్నది ఒకటి, చెప్పేది ఒకటి అయితే ఇక నర్సు ఎందుకు, క్లిప్పులు పెట్టుకుంటే సరిపోతుంది కదా.

ఆసుపత్రి రోజు వచ్చింది. పొద్దున్నే పాపను బడి వ్యాన్ ఎక్కించి వెళ్ళాను. నన్ను చూడాల్సిన సీనియర్ నర్సు జెస్సీ సిస్టర్, మలయాళీ. మాట కరుకు, మనసు మంచిది అంటారే, ఆ రకం. ఎమర్జెన్సీ పక్కన రోగులను గమనిస్తూ ఉంచే వార్డు ఉంటుంది, అక్కడికి తీసుకుపోయింది. మీ భాషవాడే ఒకాయన ఉన్నాడు, నీకు మాట కలుస్తుంది, ఆయన మీదే పరీక్ష చెయ్యి అంది.

ఆయన పేరు మల్లేశం. జగిత్యాల వైపు. యాభై దాటిన మేస్త్రీ. కంపెనీ ఎరుపులో పడి పనులు ఆగిపోయాయి, ఇకామాలు గడువు దాటాయి, దాంతోపాటే ఇన్సూరెన్స్ కూడా. పనివాళ్ళంతా ఊరి బయట క్యాంపులో ఊరికే కూర్చుని ఉన్నారు. కళ్ళు తిరుగుతున్నాయని తెల్లవారుజామున తెచ్చారట. తెచ్చినప్పుడు తీసిన ఈసీజీ బాగానే ఉందట. నీరసమని సెలైన్ పెట్టి, ఇక పంపేయమని డాక్టరు రాసేశాడు. కిందికి దిగడానికి చెప్పులు కూడా వేసుకుని కూర్చున్నాడు.

కుడి చేతికి క్లిప్ ఉంది. ఎడమ చెయ్యి అడిగాను. మణికట్టుకు సరిగ్గా నాడి దగ్గర నల్లదారం కట్టి ఉంది, చాలా బిగువుగా. దాన్ని కొంచెం పైకి జరిపి రెండు వేళ్ళూ పెట్టాను.

ఆయన ఉలిక్కిపడి చెయ్యి లాగేసుకున్నాడు. నొప్పా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. నా ముఖం చూడలేదు, నా వేళ్ళ వైపే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత మెల్లగా చెయ్యి మళ్ళీ ఇచ్చాడు.

మొదట మామూలుగా కొట్టుకుంది. అమ్మయ్య అనుకున్నాను. ఇంతలో వచ్చింది. మూడు దెబ్బలు, ఒక ఖాళీ. మందంగా, బరువుగా, నేను ఆపా చేతిలో, ఈయన చేతిలో, తువ్వాలులో పట్టుకున్న ఆ నాడి. పోలిక కాదు, అదే. మన ఇంటి తలుపు ఎవరు కొట్టారో చప్పుడును బట్టి తెలుస్తుందే, అట్లా తెలిసింది.

మిషన్‌లో అంకె బాగానే ఉంది, అది చూపించేది సగటు, మధ్యలో వచ్చే ఖాళీ దాంట్లో కలిసిపోతుంది. జెస్సీ సిస్టర్ గడియారం చూసుకుంటోంది. నేను నా లెక్క చెప్పాను. ఆమె మిషన్ చూసింది, నన్ను చూసింది. డాక్టరు రౌండ్‌కు వచ్చేస్తున్నాడు, ఇది నీ ఆఖరి అవకాశం, మిషన్ అంకె వేసుకో, నేను సంతకం చేసేస్తాను అని ఇంగ్లీషులో నెమ్మదిగా అంది. నా మంచికే అంది. ఆ క్షణంలో నాకు పాప బడి సంచీ కళ్ళ ముందు కనిపించింది. నిజం చెబుతున్నాను, నోటిదాకా వచ్చింది ఆ అంకె.

మింగేశాను. "సిస్టర్, నన్ను ఫెయిల్ చేయండి. కానీ ఈయన్ని పంపకండి. ఒక్కసారి మీరు పట్టుకుని చూడండి" అన్నాను. గొంతు పెద్దదైనట్టుంది, పక్క మంచాలవాళ్ళు తిరిగి చూశారు.

ఆమె విసుక్కుంటూనే కుడి చెయ్యి క్లిప్ తీసి పక్కన పెట్టి తన వేళ్ళు ఆనించింది. ఆయన రెండు చేతులూ మా ఇద్దరి దగ్గరా ఉన్నాయి. ఖాళీ వచ్చినప్పుడు ఆమె కళ్ళు నా వైపు లేచాయి. నేను తల ఊపాను. ఇంకోటి వచ్చింది. ఆమె పోయి ఈసీజీ బండి లాక్కొచ్చింది.

తర్వాత జరిగిందంతా వైద్యం. గుండెలో పైగది నుంచి కిందిగదికి పోయే కబురు మధ్యలో తప్పిపోతోందని తేలింది. ఆ మధ్యాహ్నమే ఒకసారి మల్లేశం గుండె చాలాసేపు ఆగింది, మంచం మీద, డాక్టర్ల మధ్య ఆగింది కాబట్టి మళ్ళీ నడిపించారు. క్యాంపులో ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు. గుండె పక్కన చిన్న మిషన్ పెట్టారు. ఆ ఖర్చు మీద ఆసుపత్రికీ, ఆయన్ని పనికి తెచ్చుకున్న యజమాని కఫీల్‌కూ చాలా రోజులు తగాదా నడిచింది. జెస్సీ సిస్టర్ నా పాస్ కాగితం మీద సంతకం పెడుతూ, ఇంత చిన్న చదువుకు ఇంత చెయ్యి ఎట్లా వచ్చింది నీకు అంది. నేను కాగితం మడిచి సంచీలో పెట్టుకున్నాను.

ఇక్కడితో అయిపోతే నేను ఇది రాసేదాన్ని కాదు. మిషన్ పెట్టాక ఒక పొద్దున వార్డులో మల్లేశం నన్ను పిలిచాడు. జెస్సీ సిస్టర్ పక్కనే మందులు సర్దుతోంది, ఆమెకు తెలుగు రాదు.

"నీ ఏళ్లు ఒకసారి సూపియ్యి బిడ్డా" అన్నాడు. చూపించాను.

"గిర్రున తిరుగుడు ఒక్కటే అయితె ఓర్సుకుందును. అకామా లేదాయె, దవఖానకు వోతె పట్టుకుంటరని భయం. గని నెల కిందటి సంది ఇంకోటి షురువైంది. తిని ఒరుగంగనే ఎవలో ఆడామె నా చెయ్యి పట్టుకునేది. గీ ఎడమ చెయ్యి. ఏళ్లు రెండు గిట్ల పెట్టి. కొట్టది, తిట్టది. ఉత్తగ పట్టుకుంటది, ఇడుస్తది."

నేను మంచం కమ్మి పట్టుకున్నాను. రోజూనా అని అడిగాను.

"దినాం. శుక్కురారం ఒక్కటి రాదు. ఒకనాడైతె మస్తు గట్టిగ వట్టింది. ఆనాడు ఏడ్సింది గావచ్చు, నా చెయ్యంత తడి తడి అయింది. లేచి సూస్తె ఏం లేదు." దారం కట్టిన మణికట్టు నిమురుకున్నాడు. "రూములోల్లకు జెప్పిన. గాలి సోకిందని నల్లదారం కట్టిండ్రు. దారం కట్టినా ఇడువలేదు. ఆఖరికి నాతోని ఒక్క రూముల మేము పండుకోం అన్నరు. వాళ్లే భయపడి పైసలు జమజేసి టాక్సీల ఏసుకొచ్చిండ్రు. లేకుంటె నేను రాకపోదును బిడ్డా."

నేను ఆయనకు నా సంగతి ఏమీ చెప్పలేదు. శుక్రవారం మాట, ఏడ్చిన మాట నాకూ ఈయనకూ సకీనా ఆపాకూ తప్ప ఇంకెవరికీ తెలియవు. ఆపా గానీ ఈయన గానీ ఆ క్యాంపు ఉన్న వైపు కూడా ఎప్పుడూ పోలేదు.

ఈయనకు ఇదంతా చెబితే యాదృచ్ఛికం అన్నాడు. తర్వాత అలమారలోంచి తువ్వాలు తీసి చూపించి ఆ సంగతి కూడా చెప్పాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు. డాక్టరమ్మ, నీ వేలి కొసల్లోనే రక్తం దడదడలాడి ఉంటుంది, ఒత్తిడి అంది. ఉండొచ్చు. మరి మల్లేశం చెయ్యి తడిసింది ఎవరి ఒత్తిడితో? అడిగితే ఆమె నవ్వి మాట మార్చింది. ఎవరు ఏ కారణం చెప్పినా వింటాను, నేనూ సైన్స్ చదివినదాన్నే. ఇంతవరకు నిలబడే కారణం ఒక్కటీ ఎవరూ చెప్పలేదు, నాకూ దొరకలేదు.

మల్లేశం వార్డులో ఉన్నన్నాళ్ళూ నేను ఎవరి చెయ్యి పట్టుకుంటే వాళ్ళ నాడే తెలిసింది. ఆయన ఎగ్జిట్ మీద ఊరికి వెళ్ళిపోయాక ఒక మధ్యాహ్నం తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాను. ఏమీ లేదు. అది తువ్వాలు, అంతే. ఒకసారి కాదు, చాలాసార్లు ప్రయత్నించాను. అక్కడ బాగున్నాడా లేదా తెలుసుకుందామన్న ఆశతో. చివరికి అందరిలాగే ఫోన్ చేసి తెలుసుకున్నాను. బాగున్నాడు. మనవరాలిని ఎత్తుకుంటున్నాడు.

కోర్సు పూర్తయింది. ఆ తర్వాత రాయాల్సిన పరీక్షలన్నీ రాశాను, తిప్పించినన్ని ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఇప్పుడు అదే ఊళ్ళో, గుండె జబ్బుల వార్డులో పనిచేస్తున్నాను. నా ఇకామా మీద నా ఉద్యోగం పేరే ఉంది. పాప నాన్న పక్కనే పడుకుని కథలు చెప్పించుకుంటోంది. బెడ్‌పాన్లు కూడా ఎత్తుతున్నాను, మా చుట్టాలు నిశ్చింతగా ఉండొచ్చు.

దెయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను. ఆ క్యాంపులో మాత్రం ఒక ఆడదెయ్యం తిరిగిందని, నల్లదారానికి కూడా లొంగలేదని ఇప్పటికీ చెప్పుకుంటున్నారట. చెప్పుకోనీ. దాని పేరు షమీమ్ అని వాళ్ళకు తెలియదు.

మా వదిన వాయిస్ ఇంకా నా ఫోన్లోనే ఉంది. కంప్యూటర్లో చూసి నాడి పట్టుకుంటావా అని అడిగింది. పట్టుకున్నాను వదినా. ఎంత దూరం నుంచి పట్టుకున్నానో, ఎట్లా పట్టుకున్నానో మాత్రం నన్నడక్కు, నాకూ తెలియదు.